పియానో సొనాటాల (కొన్ని భాగాలుగా ఉండే వాద్య రచనల) మ్యూజిక్ నోట్స్ ప్రింట్ తీయించే ముందు ఇవి చూసుకోండి

మా తిరుపతిలో నా దగ్గర నేర్చుకునే పిల్లల ఇళ్లలో ఎక్కువగా 61 కీల కీబోర్డే ఉంటుంది, పియానో కంటే కీలు తక్కువ, కాబట్టి ఎడమచేతి అడుగు స్వరాలు దానిమీద పలుకుతాయో లేదో ముందే చూడండి.

1788లో మోజార్ట్ తన కె. 545 (కె. అంటే మోజార్ట్ రచనల జాబితా నంబరు) సొనాటాని కొత్తవాళ్ల కోసం అని రాసుకున్నాడు కదా అని దాంతోనే మొదలుపెట్టకండి, మొదటి పేజీలోనే స్కేళ్లు (వరుస స్వరాలు) పరుగులు తీస్తాయి, పిల్లలకు టెన్షన్. క్లెమెంటి ఓపస్ 36లో (ఓపస్ అంటే రచన నంబరు) మొదటి సొనాటినా, అంటే చిన్న సొనాటా, ముందు పెట్టండి. బీథోవెన్ ఓపస్ 49 రెండోది తర్వాత, నిదానంగా.

ఆక్టేవ్ (ఎనిమిది స్వరాల దూరం) అందని చిన్న చేతిని బలవంతంగా చాపించొద్దు.

ఉచితంగా దొరికే పాత ఎడిషన్లలో ఎడిటర్లు కలిపిన స్లర్లు (స్వరాలను కలిపి వాయించమనే గీతలు), పెడల్ గుర్తులు కూడా ఉంటాయి, ఉర్‌టెక్స్ట్‌తో, అంటే స్వరకర్త రాసినదానికే కట్టుబడే ఎడిషన్‌తో, పోల్చుకోండి. జిరాక్స్‌లో వేళ్ల నంబర్లు మాసిపోతే మళ్లీ తీయించండి.