పక్క మీద వాలగానే కాళ్ళు లాగేస్తున్నాయా? ముందు మందుల డబ్బా తెరవండి

పగలంతా మామూలుగానే ఉన్న కాళ్ళు రాత్రి పక్క మీద వాలగానే మొదలుపెడతాయి. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు, గుంజుతున్నట్టు ఉంటుంది. నొప్పి అనలేం. దురద అందామంటే గోక్కోవడానికి చర్మం మీద ఏమీ లేదు. కదిపితే పోతుంది, ఆపితే వస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తే హాయి, పడుకుంటే మళ్ళీ మొదటికి. దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. థామస్ విల్లిస్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1672లోనే దీని గురించి రాశాడు. 1945లో ఎక్‌బామ్ అనే స్వీడన్ వైద్యుడు దీన్ని వివరంగా వర్ణించి ఈ పేరు పెట్టాడు. "అంతా నీ భ్రమ" అనేవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ రెండు తేదీలూ చెప్పండి.

పదిహేనేళ్ళుగా నాకుంది. మా అమ్మకీ ఉండేది, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బే. చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరికి కాళ్ళు లాగినా, మందుల్లేకుండా ఎలా తగ్గించుకోవాలని నన్నే అడుగుతారు. ఏ నూనె రాయాలి, ఏ దిండు పెట్టుకోవాలి, ఇవే ప్రశ్నలు. పిక్కలు పిసకడం, సాగదీయడం, వేడినీళ్ళు పోసుకోవడం మీరు ఇప్పటికే చేసి ఉంటారు, వాటి గురించి మళ్ళీ చెప్పను. అవి ఆ పూటకి గట్టెక్కిస్తాయి, అంతే. ఒక రక్తపరీక్ష, ఒకసారి మందుల డబ్బా వెతకడం, ఈ రెండూ చేయకుండా నెలల తరబడి నూనెలు మార్చేవాళ్ళని చూసి విసిగిపోయాను.

అసలు ఇది అదేనా?

ఈ నాలుగూ కలిస్తేనే ఇది ఆ జబ్బు: కాళ్ళు కదపాలన్న ఆగని కోరిక, ఊరికే ఉంటే పెరగడం, కదిపితే తగ్గడం, సాయంత్రం నుంచి రాత్రికి ముదరడం. పిక్క రాయిలా బిగుసుకుని ప్రాణం పోయినంత పనైతే అది కండరం పట్టేయడం. పాదాలు పగలూ రాత్రీ మండుతూ, నడిచినా తగ్గకపోతే నరాల సంగతి చూడాలి. పరీక్షలకి పరిగెత్తేముందు ఈ తేడా తేల్చుకోండి.

హిమోగ్లోబిన్ బాగానే ఉంది, కాళ్ళు మాత్రం లాగుతున్నాయి

కారణం: ఐరన్ నిల్వలు. హిమోగ్లోబిన్ కాదు, నిల్వలు. నన్ను అడిగినవాళ్ళలో ఎక్కువమంది "రక్తం బాగానే ఉందన్నారు" అనే చెబుతారు. హిమోగ్లోబిన్ అంటే జేబులో ఉన్న డబ్బు, ఫెరిటిన్ అంటే బ్యాంకులో ఉన్నది. బ్యాంకు ఖాళీ అయ్యాక చాలా రోజులకి గానీ జేబు ఖాళీ కాదు. మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్ అనే రసాయనం తయారవ్వాలంటే ఐరన్ కావాలి. ఆ డోపమిన్ వ్యవస్థ తడబడటమే ఈ జబ్బుకి మూలమని వైద్యులు భావిస్తారు.

ఏం చేయాలి: ఫెరిటిన్, దాంతోపాటు ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చెప్పేది), రెండూ చేయించండి. పొద్దున్నే, పరగడుపున. ఐరన్ మాత్ర వాడుతుంటే కనీసం 24 గంటల ముందు ఆపి వెళ్ళండి. రిపోర్టులో "నార్మల్" అన్న మాట చూసి మడిచి పెట్టేయకండి, అంకె చదవండి. ఫెరిటిన్ 20 ఉన్నా ల్యాబు నార్మల్ అనే రాస్తుంది. ఈ జబ్బున్నవాళ్ళకి మాత్రం ఫెరిటిన్ 75 లేదా అంతకన్నా తక్కువున్నా, సాచురేషన్ 20 శాతానికి తగ్గినా ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్న వారంలో పరీక్ష చేయించొద్దు, అప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది.

మందుల్లేకుండా అని చెప్పి ఐరన్ మింగమంటావా అని ఒకాయన నన్ను నిలదీశాడు. లేనిదాన్ని భర్తీ చేయడం వేరు, జబ్బుని అణచడానికి మందు వేయడం వేరు. కానీ పరీక్ష లేకుండా సొంతంగా మింగొద్దు, ఐరన్ ఎక్కువైనా ఒంటికి చేటే. డాక్టరు ఇస్తే టీకీ కాఫీకీ పాలకీ క్యాల్షియం మాత్రకీ రెండు గంటలు దూరంగా వేసుకోండి. వారంలో ఫలితం చూడకండి, మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించండి. నిల్వలు ఎందుకు తగ్గాయో కూడా చూసుకోవాలి: ఎక్కువగా అయ్యే నెలసరి, తరచూ రక్తదానం. ఈ రెండూ లేని నడివయసు మగవాడికి తగ్గితే కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతుందేమో డాక్టరు చూడాల్సిందే.

చాన్నాళ్ళు అదుపులోనే ఉంది, ఉన్నట్టుండి ముదిరింది

నన్ను నిండా ముంచింది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

కొన్నేళ్ళ కిందట నా ఫెరిటిన్ బాగుంది, నడక సాగుతోంది, నెలకో రెండు మూడు రాత్రులు తప్ప ఇబ్బంది లేదు. ఒక వారం ఉన్నట్టుండి రోజూ మొదలైంది. ఎప్పుడూ లేనిది చేతులకీ పాకింది. కాఫీ మానేశాను. పరుపు మార్చాను. నడక పెంచాను, తగ్గించాను. మూడు వారాలు సరిగ్గా నిద్ర లేదు. నిద్ర లేదు కదా అని మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే నిద్రమాత్ర తెచ్చుకున్నాను. ఆ రాత్రి నరకం. కళ్ళు మూతలు పడుతున్నాయి, కాళ్ళు మాత్రం తన్నుకుంటున్నాయి. మర్నాడు విసుగొచ్చి ఆ పెట్టె వెనకవైపు చిన్న అక్షరాలు చదివాను: డైఫెన్‌హైడ్రమిన్. అప్పుడు వెలిగింది. మూడు వారాల కిందట జలుబు చేసింది, రాత్రి పూట జలుబు మాత్ర మొదలుపెట్టాను, జలుబు తగ్గినా ముక్కు దిబ్బడని వేసుకుంటూనే ఉన్నాను. అందులో ఉన్నది దాని అన్నగారు, క్లోర్‌ఫెనిరమిన్.

మత్తునిచ్చే పాతతరం యాంటీహిస్టమిన్లు, అంటే అలర్జీకీ జలుబుకీ వాడే ఈ రకం మందులు, మెదడులోకి వెళ్తాయి, మగత తెస్తాయి, ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి కాళ్ళని రెచ్చగొడతాయి. దొంగదెబ్బ ఎక్కడంటే, నిద్ర పట్టనివాడు వెతుక్కునేది సరిగ్గా వీటినే. వేసుకుంటే కాళ్ళు ముదురుతాయి, ముదిరితే నిద్ర రాదు, రాకపోతే ఇంకోటి వేస్తాడు. పెట్టె ముందు భాగంలో ఆ పేరు ఉండదు కూడా. జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు, రాత్రికని విడిగా అమ్మే నొప్పి మాత్రలు, ప్రయాణంలో వాంతి రాకుండా వేసుకునేవి, అలర్జీ మాత్రలు, అన్నింట్లోనూ దాక్కుంటాయి.

ఏం చేయాలి: ఇంట్లో ఉన్న మందులన్నీ బల్ల మీద పోయండి. బ్రాండు పేరు వదిలేసి వెనక రాసిన మందు పేరు చదవండి. డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్, డాక్సిలమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్ కనిపిస్తే అనుమానించండి. అలర్జీకి మాత్ర తప్పదంటే ఫెక్సోఫెనడిన్ లాంటి మెదడులోకి పెద్దగా వెళ్ళనిది కుదురుతుందేమో డాక్టరుని అడగండి. జలుబుకి ఉప్పునీటి స్ప్రే, ఆవిరి చాలు.

మానేశాక అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక్క రాత్రి మానేసి, "తేడా లేదు, ఇది కాదులే" అని తేల్చేస్తారు. క్లోర్‌ఫెనిరమిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే పెద్దవాళ్ళలో సుమారు 20 గంటలు పడుతుంది. కనీసం వారం ఆగి చూడండి. నాకు నాలుగో రాత్రికి తెరిపి వచ్చింది.

వాంతులు ఆపడానికిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ డోపమిన్‌కే నేరుగా అడ్డు తగులుతాయి. డిప్రెషన్ మందుల్లో చాలావాటికి కాళ్ళని రెచ్చగొట్టే గుణం ఉంది, మిర్టజపిన్‌ది ముందు వరస. వీటిని, మానసిక సమస్యలకి వాడే మిగతా మందుల్నీ మీ అంతట మీరు ఆపొద్దు. "ఇది మొదలయ్యాక కాళ్ళు ముదిరాయి" అని తేదీతో సహా రాసుకెళ్ళి, మార్చగలరేమో అడగండి. మందు మొదలైన తేదీ, కాళ్ళు ముదిరిన తేదీ పక్కపక్కన పెడితే సగం సమాధానం అక్కడే ఉంటుంది.

కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు ఉండదు

సాయంత్రం తాగిన కాఫీ, టీ, రాత్రి తాగిన మద్యం, సిగరెట్, నిద్రవేళలు తప్పడం. ఒక్కొక్కటీ రెండు వారాలు మాని చూడండి, అన్నీ ఒకేసారి మానితే ఏది పనిచేసిందో తెలియదు. వ్యాయామం మేలు చేస్తుంది: వారానికి మూడు రోజులు నడక, కాళ్ళకి బలాన్నిచ్చే కసరత్తు కలిపి 12 వారాలు చేసినవాళ్ళలో లక్షణాలు తగ్గినట్టు ఒక అధ్యయనంలో తేలింది. అయితే రాత్రి పొద్దుపోయాక ఒళ్ళు విరిగేలా చేస్తే అదే ఎదురు తిరుగుతుంది. కదలకుండా కూర్చోక తప్పనప్పుడు మనసుని గట్టిగా పట్టే పని పెట్టుకోండి. పజిల్, వాదన, ఏదైనా సరే. ఊరికే టీవీ చూస్తుంటే లాగే కాళ్ళు, చదరంగం ఆడుతుంటే నాకు గుర్తే రావు.

మిగతావి

గర్భిణులకి ఆఖరి మూడు నెలల్లో రావడం మామూలే, కాన్పు తర్వాత ఎక్కువమందికి పోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి వేరే లెక్క, మీ కిడ్నీ డాక్టరుతోనే తేల్చుకోవాలి. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగుతుంటే ముందు దాన్ని చూపించండి. మెగ్నీషియం గురించి అడక్కండి, అది తక్కువైనవాళ్ళకి సంగతి వేరు గానీ, అందరికీ పనిచేస్తుందన్న గట్టి రుజువు లేదు.

ఐరన్ సరిచేసి, మందుల డబ్బా ఖాళీ చేసి, మూడు నెలలు గడిచినా వారానికి మూడు నాలుగు రాత్రులు పోతుంటే నిద్ర జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఫెరిటిన్ రిపోర్టు, మీరు వాడిన మందుల పెట్టెలు సంచిలో వేసుకెళ్ళండి, ఖాళీ అయినవి కూడా.