లినక్స్ స్వయంబోధిని – 6వ పాఠం: పవర్ బటన్‌తో సురక్షితమైన షట్‌డౌన్

గత పాఠంలో సర్వీసులను, అంటే తెర వెనుక నడిచే ప్రోగ్రాములను ప్రారంభించడం, ఆపడం నేర్చుకున్నాం. పవర్ బటన్‌ను ఒకసారి నొక్కగానే ఆ సర్వీసులన్నీ సక్రమంగా ఆగి, డిస్కులోకి చేరవలసిన సమాచారమంతా చేరి, ఆ తరువాతే యంత్రం ఆగిపోయేలా ఈ పాఠంలో అమర్చుకుందాం. మానిటర్, కీబోర్డు లేకుండా ఇంట్లో ఒక మూల నడిచే ఫైల్ సర్వర్‌కు ఇది తప్పనిసరి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఇంట్లో ఎవరైనా సరే దాన్ని ఆపగలగాలి.

బటన్‌ను నొక్కి వెంటనే వదిలితే విద్యుత్తు తెగదు. హార్డ్‌వేర్ విద్యుత్తు వ్యవహారాలను ఆపరేటింగ్ సిస్టంకు తెలిపే ఏసీపీఐ అనే ప్రమాణం ద్వారా, లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్‌కు ఒక సంకేతం మాత్రమే అందుతుంది. నాలుగు సెకన్లకు మించి అదిమిపెడితే మాత్రం ఆపరేటింగ్ సిస్టంతో నిమిత్తం లేకుండా హార్డ్‌వేరే విద్యుత్తును తెంచేస్తుంది. అప్పుడు లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం, మార్పులను రాసుకునే తన జర్నల్ సాయంతో తన నిర్మాణాన్ని సరిచేసుకోగలదు గాని, మెమరీలోనే ఉండిపోయిన మీ రాతను తిరిగి తేలేదు. కాబట్టి యంత్రం పూర్తిగా బిగుసుకుపోతే తప్ప బటన్‌ను అదిమిపెట్టకండి.

ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ రకాలలో ఆ సంకేతాన్ని సాధారణంగా లాగిన్‌డీ అందుకుంటుంది. సర్వీసులను నడిపే, ఆపే సిస్టమ్‌డీలో ఇదొక భాగం; యూజర్ల సెషన్లను చూసుకుంటుంది. ఈటీసీ డైరెక్టరీలోని సిస్టమ్‌డీలో లాగిన్‌డీ.కాన్ఫ్.డీ అనే ఫోల్డర్‌ను సృష్టించి, అందులో .కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఒక ఫైలు తెరవండి. మొదటి వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య లాగిన్ అని, రెండో వరుసలో హ్యాండిల్‌పవర్‌కీ=పవర్‌ఆఫ్ అని రాయండి. హ్యాండిల్, పవర్, కీ అనే మూడు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ప్రతి మాట మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా రాయాలి. పవర్‌ఆఫ్ అంతా చిన్నక్షరాలే. ఆ తరువాత లాగిన్‌డీని విడిగా రీస్టార్ట్ చేయడం కన్నా యంత్రాన్నే ఒకసారి రీబూట్ చేయడం మేలు, ఎందుకంటే మొదటి పద్ధతిలో నడుస్తున్న గ్రాఫికల్ సెషన్ చెడిపోయే అవకాశం ఉంది.

ఇంత చేసినా డెస్క్‌టాప్‌లో ఫలితం కనిపించకపోవచ్చు. గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్ వాతావరణాలు పవర్ బటన్‌ను తామే చూసుకుంటామని లాగిన్‌డీని పక్కకు తప్పిస్తాయి. సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --లిస్ట్ అనే ఆదేశం ఇచ్చి చూడండి. హ్యాండిల్-పవర్-కీ ఉన్న వరుసలో బ్లాక్ అని కనిపిస్తే, మార్చవలసింది మీరు రాసిన ఫైలును కాదు, గ్నోమ్ సెట్టింగ్స్‌లోని పవర్ విభాగాన్ని. అక్కడ బటన్‌కు సస్పెండ్ అని ఉంటే తప్పక పవర్ ఆఫ్‌కు మార్చండి. తెర నల్లబడగానే గోడ మీది స్విచ్ కూడా ఆపేయడం మనలో చాలామందికి అలవాటు. సస్పెండ్‌లో ఉన్న యంత్రం తన పనినంతా మెమరీలోనే ఉంచుకుంటుంది కనుక, ఆ స్విచ్ ఆపిన క్షణాన అదంతా పోతుంది.

ఇప్పుడు తెరిచి ఉన్న ఫైళ్లను సేవ్ చేసి, బటన్‌ను ఒకసారి నొక్కి పరీక్షించండి. ఏదైనా సర్వీసు మొండికేస్తే సిస్టమ్‌డీ సాధారణంగా 90 సెకన్ల వరకు ఎదురుచూసి, ఆ తరువాత దాన్ని బలవంతంగా ఆపుతుంది. ఫ్యాన్ ఆగి, లైట్లు ఆరేదాకా స్విచ్ జోలికి పోకండి. మళ్లీ ఆన్ చేశాక జర్నల్‌సీటీఎల్ -బి -1 ఆదేశంతో గత బూట్ నమోదులను చూడండి. లాగిన్‌డీ బటన్‌ను అందుకుని ఉంటే పవర్ కీ నొక్కినట్టు తెలిపే వరుస, దాని తరువాత సర్వీసులు ఆగిన క్రమం చివరి భాగంలో కనిపిస్తాయి.

వచ్చే పాఠం యూపీఎస్ బ్యాటరీ తగ్గినప్పుడు యంత్రం తనంతట తానే ఆగడం గురించి. మీ యూపీఎస్ వెనుక యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో ఈలోగా చూసి ఉంచుకోండి.