తట్ట దించి తాపీ పట్టాలంటే

మన దగ్గర ఆడ మేస్త్రీలు కనపడకపోవడం బిల్డింగ్ పనిలో ఆడవాళ్ళు లేక కాదు. ఏ సైట్‌కి వెళ్ళి చూసినా ఇసుక జల్లించేది, మాలు, అంటే కలిపిన సిమెంటూ ఇసుకా, అందించేది, ఇటుకలు మోసేది, గోడలకు నీళ్ళు కొట్టేది మనమే, తాపీ మాత్రం మగవాళ్ళ చేతిలో ఉంటుంది. నేను తొమ్మిదేళ్ళు తట్ట మోశాను. నాతో పాటే చేరిన కుర్రాడు రెండేళ్ళకే మేస్త్రి అయిపోయాడు, వాడి కూలీ నా కూలీకి దాదాపు రెట్టింపు. తెలివి ఎక్కువై కాదు, ఒకరోజు ఎవరో వాడి చేతికి తాపీ ఇచ్చి "ఈ మూల నువ్వు పూయరా" అన్నారు, అంతే. నన్ను ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి మొదట చేయాల్సింది అడగడం. కాంట్రాక్టర్‌ని కాదు, ఆయనకి పని తొందర తప్ప ఇంకేం పట్టదు. మీరు రోజూ మాలు అందించే మేస్త్రినే అడగండి, అది కూడా అన్నం తిన్నాక, పని మళ్ళీ మొదలు కాకముందు. "అన్నా, ఈ వరుస నేను పెడతా, వంకరొస్తే నువ్వే తీసేయి" అంటే చాలు. రోడ్డు వైపు గోడ అడిగితే ఎవరూ ఇవ్వరు. సెప్టిక్ ట్యాంక్, సంపు, బాత్రూం వెనక గోడ, ఇలా పైకి కనపడని చోట అడగండి. నేను నేర్చుకున్నదంతా సెప్టిక్ ట్యాంకుల్లోనే, నవ్వుకోండి.

సగం పని మీకు ఇప్పటికే వచ్చు, ఆ సంగతి మర్చిపోవద్దు. సిమెంట్ ఒకటికి ఇసుక ఆరు కలిపిన మాలు ఎలా ఉండాలో మీ పారకి తెలుసు. నీళ్ళు పోసి కలిపిన మాలు బిగుసుకున్నాక మళ్ళీ నీళ్ళు కొట్టి వాడితే గోడకి బలం ఉండదనీ తెలుసు. ఇటుకలు నీళ్ళలో వేశాక బుడగలు ఆగేదాకా ఉంచాలి, లేకపోతే మాలులోని తడినంతా ఇటుకే పీల్చేస్తుంది, అదీ తెలుసు. కొత్తగా నేర్చుకోవాల్సింది చెయ్యి, కన్ను.

నా మొదటి గోడ కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బింది. రెండు మూలల మధ్య దారం కట్టారు, నేను ప్రతి ఇటుకనీ ఆ దారానికి ఆనించి పెడుతూ పోయాను, ఆనితేనే సూటిగా వస్తుందనుకున్నా. ఒక్కో ఇటుక దారాన్ని కొంచెం కొంచెం బయటికి నెట్టింది, నాలుగు వరుసలకే తేడా కంటికి కనపడింది. ఇటుకకీ దారానికీ మధ్య వెలుతురు సన్నగా కనపడాలి, వెంట్రుకంత సందు. ఆ తర్వాత నిలువు సందు మీద నిలువు సందు రాకుండా చూసుకోవడం, సందుల్లో మాలు నిండా పెట్టడం, మూడు నాలుగు వరుసలకోసారి తూకం గుండు వేలాడదీసి గోడ నిలువుగా ఉందో లేదో చూడటం. ఒకే రోజు అయిదడుగులు దాటించమని ఎవరైనా తొందర పెడితే వద్దనండి, కింద మాలు ఇంకా పచ్చిగానే ఉంటుంది.

తాపీ, తూకం గుండు, దారం, టేపు, మట్టం చూసే చిన్న రసమట్టం సొంతంగా కొనుక్కోండి. పెద్ద తాపీ కొనొద్దు, సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది.

సైట్ మీద కాకుండా పద్ధతిగా నేర్చుకోవాలంటే హైదరాబాద్ కొండాపూర్ దగ్గర నాక్ ఉంది, అంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 1998లో పెట్టారు. తాపీ పని, కరెంటు, ప్లంబింగ్, పెయింటింగ్ నేర్పుతారు. పదో తరగతి పాసైన అమ్మాయిలైతే ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ కోర్సు చూడండి, బరువు తక్కువ, కాగితం చేతికొస్తుంది. పెయింటింగ్‌లోకి రావడం సులువే గానీ వానాకాలం ఖాళీగా కూర్చోవాలి.

ఇక ఎవరూ చెప్పని విషయాలు. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుంటాం కదా, మంచిదే, కానీ మిక్సర్ దగ్గరకీ లిఫ్ట్ దగ్గరకీ కొంగు, చున్నీ వేలాడుతూ వెళ్ళొద్దు. వీలైతే ప్యాంటు వేసుకోండి, రెండు రోజులు నవ్వుతారు, మూడో రోజు ఎవరికీ గుర్తుండదు. సిమెంట్ చేతుల్ని తినేస్తుంది, రబ్బరు గ్లౌజులు లేకుండా మాలులో చెయ్యి పెట్టకండి. బాత్రూం లేదని పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండటం మనందరికీ అలవాటు, ఆ అలవాటుతోనే నాకు రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. సైట్‌లో మరుగుదొడ్డి ఉండాలనీ, 50 మందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే చోట పిల్లల్ని ఉంచడానికి గది ఉండాలనీ 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. రాసింది అడిగితే ఎప్పుడొస్తుందో గానీ, ఈలోగా వాచ్‌మన్ భార్యతో స్నేహం చేసుకోండి, ఏ ఫ్లోర్‌లో బాత్రూం పనిచేస్తుందో ఆమెకే తెలుస్తుంది.

డబ్బు మీ చేతికే రావాలి. మొగుడూ పెళ్ళాం ఒకే సైట్‌లో చేస్తే ఇద్దరి కూలీ కలిపి ఆయన చేతిలో పెడతారు, మీది మీకు ఫోన్‌పేలో వేయమని మొదటి వారమే చెప్పండి. ఏ రోజు ఎంత పని చేశారో ఫోన్‌లో రాసుకోండి. ఒకాయన మాకు ఆరు వారాల కూలీ ఎగ్గొట్టినప్పుడు రాసుకున్న ఇద్దరికే ఎంతో కొంత వచ్చింది, నేను రాసుకోలేదు.

లేబర్ ఆఫీసులో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు తీసుకోండి. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే చాలు. కట్టడాల ఖర్చు మీద వసూలు చేసే సెస్సుతో నడిచే బోర్డు అది, కాన్పుకీ ప్రమాదానికీ సాయం ఉంటుంది. రెన్యువల్ తేదీ మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి.

గోడ సూటిగా రావడం మొదలయ్యాక సైట్ మారండి. పాత సైట్‌లో మీరెంత బాగా కట్టినా వాళ్ళ కంటికి మాలు అందించే అమ్మాయే. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టిన ఆడవాళ్ళని రాణి మిస్త్రీ అంటారు, మనకింకా అలాంటి పేరు లేదు కాబట్టి "నేను మేస్త్రిని" అని మీరే చెప్పుకోవాలి. మొదట్లో మేస్త్రి కూలీలో ముప్పావు వంతు ఇస్తామంటే ఒప్పుకోండి, ఎన్నాళ్ళకి పూర్తి కూలీ ఇస్తారో అప్పుడే మాట్లాడుకోండి. ఇంకోటి, కొత్త సైట్‌లో మొదటి రోజు హెల్పర్ రాలేదనీ, కాస్త సాయం చేద్దామనీ తట్ట ఎత్తకండి. నేను ఎత్తాను. ఆ సైట్‌లో మళ్ళీ తాపీ పట్టడానికి నాలుగు నెలలు పట్టింది.