మొండిగోడల ఫొటోలో నలుపు ఎంత ఉండాలి

రామేశ్వరం వెళ్లిన మనవాళ్లలో చాలామంది దర్శనం అయ్యాక ధనుష్కోటి కూడా చూసి వస్తారు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఆ ఊరినీ, పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలునూ ఊడ్చుకుపోయింది. పైకప్పు లేని చర్చి, స్టేషను తాలూకు కొన్ని గోడలు, ఇసుకలో అక్కడక్కడా మొండి కట్టడాలు మిగిలాయి. చివరిదాకా రోడ్డు పడ్డాక అక్కడి ఫొటోలకు కొదవ లేదు. చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి: ఆకాశం ఉక్కు రేకు, గోడలు బొగ్గు కుప్ప. దిగులు కనపడాలంటే కాంట్రాస్ట్ (వెలుగునీడల మధ్య తేడా) స్లైడరును కుడివైపు చివరిదాకా లాగాలని ఎవరు నేర్పారో కానీ, బాగా నేర్పారు.

నేను చేసేది దానికి దాదాపు తలకిందులు. ఫొటో మొత్తాన్ని మెత్తగా ఉంచి, ఒక్కచోట మాత్రం కాంట్రాస్ట్ గట్టిగా ఇస్తాను. డార్క్‌రూములో మల్టీగ్రేడ్ కాగితంతో (ఫిల్టరు నంబరు పెరిగేకొద్దీ కాంట్రాస్ట్ పెరిగే ప్రింటు కాగితం) పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. 2వ నంబరు ఫిల్టరుతో ప్రింటంతా వేసి, కావలసిన మూలకు మాత్రం 4 పెట్టి మళ్లీ కాస్త వెలుగు చూపించేవాళ్లం. కంప్యూటరు మీద అదే పని మాస్కుతో, అంటే ఎంచుకున్న భాగానికే మార్పు తగిలేలా చేసే పొరతో, జరుగుతుంది.

తీసేటప్పుడు రా ఫైలులోనే (కెమెరా సవరించని ముడి ఫైలు) తీయండి. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384. నీడల్ని పైకి లేపినప్పుడు ఆ తేడా గోడమీద చారలుగా బయటపడుతుంది. చర్చి లోపల నిలబడి ద్వారంలోంచి ఆకాశం కనిపించేలా తీస్తుంటే, ఆకాశం తెల్లగా పేలిపోకుండా ఎక్స్‌పోజర్ కొలత పెట్టండి. లోపలి నీడల గురించి బెంగ వద్దు. కప్పు లేదు, చుట్టూ ఇసుక, అది కింది నుంచి వెలుగును గోడలమీదికి విసురుతూనే ఉంటుంది.

ఫొటోలు సవరించే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేరులో తెరిచాక ముందు ప్రొఫైల్‌ను (రంగులు, వెలుగునీడలు మొదట ఎలా కనిపించాలో చెప్పే అమరిక) అడోబ్ కలర్ నుంచి అడోబ్ న్యూట్రల్‌కు మార్చండి. ఫొటో చప్పగా అయిపోయిందని కంగారు పడొద్దు, మనకు కావలసింది అదే. హైలైట్స్ మైనస్ 50 దగ్గర, షాడోస్ ప్లస్ 20 దగ్గర మొదలుపెట్టండి. కాంట్రాస్ట్ స్లైడరును ముట్టుకోవద్దు. (డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతుంది. పేర్లు వేరైనా పని ఇదే.)

ఇక అసలు విషయం నలుపు. ఆల్ట్ మీట నొక్కిపట్టి బ్లాక్స్ స్లైడరును ఎడమవైపు జరపండి. తెర తెల్లబడి, పూర్తిగా నల్లబడిన చోట్లు మాత్రమే చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. రాళ్ల మధ్య పగుళ్లలో, గోడలోని గూటి లోపల పడితే సరి, అక్కడ ఆపేయండి. గోడ అడుగంతా పరుచుకుంటుంటే వెనక్కి రండి. పాడుబడిన చోట చూసేవాడి కన్ను నీడలోకి వెళ్లి వెతుకుతుంది. అక్కడ రాయి, ఉప్పు మరక, రాలిన గచ్చు ఏదో ఒకటి దొరకాలి. ఏమీ దొరక్కపోతే ఆ నీడ ఎందుకూ పనికిరాదు.

తర్వాత టోన్ కర్వ్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును సర్దే గీత. నాలుగో వంతు దగ్గర ఒక చుక్క పెట్టి కొంచెం కిందికి, ముప్పాతిక దగ్గర మరొకటి పెట్టి ఇంకా కొంచెమే పైకి. గీత వంగిందో లేదో అన్నట్టుండాలి. ఎడమ అడుగు కొసను ఒక్క పిసరు లేపితే నలుపు మీద బూడిద పూత పడుతుంది. ఎక్కువ లేపితే పెళ్లి ఆల్బమ్ ఫ్యాషన్ అవుతుంది. కర్వ్ వంచినప్పుడు రంగులు కూడా ముదురుతాయి, కాబట్టి శాచురేషన్‌ను 10, 15 తగ్గించాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆ ఒక్క చోటు. ధనుష్కోటి చర్చి గోడల్లో పగడపు రాళ్లు ఉన్నాయి. గచ్చు రాలిపోయిన చోట దగ్గరికి వెళ్లి చూస్తే రాయి నిండా చిల్లులు. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్కనుంచి తగిలినప్పుడు ఒక్కో చిల్లుకు ఒక అంచు మెరుస్తుంది, రెండో అంచు నీడ. బ్రష్‌తో ఆ భాగానికి మాత్రమే మాస్కు వేసి టెక్స్చర్ ప్లస్ 30, కాంట్రాస్ట్ ప్లస్ 15 ఇవ్వండి, అంచులు బాగా మెత్తగా పెట్టుకుని. ఎదురుగా నీడలో ఉన్న గోడకు ఇంకో మాస్కు వేసి క్లారిటీ (మధ్యస్థ వెలుగుల్లోని కాంట్రాస్ట్) మైనస్ 10. రెండు గోడల మధ్య తేడాయే ఫొటోకు బలం. క్లారిటీని ఫొటో అంతటికీ పెంచితే గోడకూ ఆకాశానికీ మధ్య తెల్లటి అంచు పుడుతుంది. ఆ అంచు కనిపించిందంటే ఫొటో చెడినట్టే.

డీహేజ్ (మసకను తీసే స్లైడరు) జోలికి వెళ్లేముందు ఆలోచించండి. దూరాన సముద్రం మీది మసకను తీసేస్తే దూరమే పోతుంది. నేనైతే ఆ భాగానికి మైనస్ 8, మైనస్ 10 ఇచ్చి మసకను ఇంకొంచెం కలుపుతాను. ఆకాశానికి ప్లస్ ఇచ్చారా, మబ్బుల కన్నా ముందు సెన్సరు మీది దుమ్ము కనిపిస్తుంది. లేని ఉరుముల మబ్బును తెచ్చి అతికించేవాళ్లతో నాకు మాటల్లేవు. దగ్గర్లోనే జాలర్ల కుటుంబాలు బతుకుతున్నాయి, గవ్వల దుకాణాలున్నాయి. దాన్ని దెయ్యాల ఊరిగా మార్చాలన్న ఉబలాటం దేనికి?

నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు రంగుల మిక్సరులో నీలాన్ని దించితే ఆకాశం ముదురుతుంది, నారింజను లేపితే రాయి తేలుతుంది. నీలాన్ని మైనస్ 30 దాటనివ్వకండి, ఆకాశంలో గరుకు, గోడ అంచున గీత మొదలవుతాయి.

ఫొటోను గోరంత సైజుకు కుదించి చూడండి. కన్ను ముందుగా మీరు అనుకున్న గోడమీదే ఆగాలి. ఇంకెక్కడైనా ఆగితే అక్కడి వెలుగును తగ్గించండి. ఎంచుకున్న చోటును ఇంకా పెంచడం పరిష్కారం కాదు. ప్రింటు తీస్తుంటే ఇంకో జాగ్రత్త అవసరం. మ్యాట్ కాగితం మీద నీడలు తెరమీద కన్నా ముద్దగా కలిసిపోతాయి. ముందు పోస్టుకార్డు సైజులో ఒక్కటి తీయించి కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. గూటి లోపలి రాళ్లు విడివిడిగా కనపడకపోతే షాడోస్‌ను మరో 10 లేపి, అప్పుడు పెద్దది తీయించండి.