డాక్టర్ రాసిన నొప్పుల బిళ్ళ అలవాటైపోతే: ట్రమడాల్ ఎలా వాడాలి, ఎలా మానాలి

మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జ్ చీటీలో ఒక నొప్పుల బిళ్ళ రాశారు, రోజుకి మూడు, పది రోజులు. ఐదు నెలల తర్వాత కూడా అమ్మ అవే మూడు వేసుకుంటోంది. ఖాళీ స్ట్రిప్పు ఫొటో తీసి మా వీధి మెడికల్ షాపుకి వాట్సాప్ చేస్తే కుర్రాడు తెచ్చి ఇచ్చేసేవాడు, డబ్బులు పంపేది నేనే, డాక్టరు రాసిన మందే కదా అని ఎవరికీ అనుమానం రాలేదు. సంక్రాంతికి షాపు మూశారు, బిళ్ళలు అయిపోయాయి. కనుమ రోజు పొద్దున్నుంచి అమ్మకి ఒకటే ఆవలింతలు, ముక్కు కారడం, కళ్ళల్లో నీళ్ళు, చెమటలు, విరోచనాలు, రాత్రయితే కాళ్ళు ఒకచోట పెట్టలేక మంచం మీద దొర్లుతూ మోకాలు పగిలిపోతోందని ఏడ్చింది. చలికి పట్టిందనుకుని జ్వరం బిళ్ళ వేశాం. మర్నాడు షాపు తీయగానే స్ట్రిప్పు తెచ్చి ఒక బిళ్ళ వేస్తే గంటన్నరలో నొప్పి పోయింది, జలుబు కూడా పోయింది. నొప్పుల బిళ్ళకి జలుబు ఎలా పోతుంది? అక్కడ నాకు భయం మొదలైంది.

అది జలుబు కాదు. ఆ బిళ్ళలో ఉన్న ట్రమడాల్ ఒంటికి అలవాటైపోయి, అది అందకపోయేసరికి వచ్చిన విత్‌డ్రాయల్. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ రాత్రి మోకాలి నొప్పిలో చాలా భాగం మోకాలిది కాదు, బిళ్ళ అందక వచ్చిన నొప్పి. ఈ ఒక్క ముక్క అర్థం కాక నెలలు నెలలు వాడేస్తున్న పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు, అందుకే ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, అమ్మని తర్వాత చూసిన పెయిన్ స్పెషలిస్ట్ ఓపిగ్గా చెప్పినవీ, నేను చదివి సరిచూసుకున్నవీ ఇవి.

మొదట మీ ఇంట్లో ఉన్న స్ట్రిప్పు వెనక్కి తిప్పండి. పైన ఉన్న బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే కాంపోజిషన్ చదవండి. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్, బుప్రినార్ఫిన్, ఫెంటనిల్, మార్ఫిన్, వీటిలో ఏది కనిపించినా అది ఓపియాయిడ్, అంటే నల్లమందు పనిచేసే చోటే మెదడులో పనిచేసే మందు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అని ఉంటే అది వేరే జాతి, దానికి ఇలా అలవాటు పడరు గానీ నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం ఉంటాయి, కాబట్టి ట్రమడాల్ భయంతో వాటి మీద పడకండి. మన దగ్గర ఎక్కువగా రాసేది అల్ట్రాసెట్ లాంటి కాంబినేషన్, అందులో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. పారాసిటమాల్ కలిసి ఉందని తెలియక జ్వరం వస్తే దానిమీద డోలో 650 కూడా వేసేస్తుంటాం. పారాసిటమాల్ పెద్దవాళ్ళకి కూడా రోజుకి అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు, లివర్ బాగోలేనివాళ్ళకీ, మద్యం తాగేవాళ్ళకీ, బాగా బక్కచిక్కినవాళ్ళకీ ఇంకా తక్కువే.

వాడే రోజుల్లో ఏం చూసుకోవాలంటే, మొదటి రెండు మూడు రోజులు వికారం, వాంతి, కళ్ళు తిరగడం, మగత, నోరు ఎండిపోవడం మామూలే, చాలామందికి మెల్లగా సర్దుకుంటాయి. ఆ రోజుల్లో బండి నడపకూడదు, పెద్దవాళ్ళని రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా పంపకూడదు, ఆపరేషన్ అయిన కాలితో పడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మందు వాడినంత కాలం ఉంటుంది, ఎందుకంటే ఇది పేగుల కదలికనే నెమ్మది చేస్తుంది. ఇక్కడ మన ఇంటి వైద్యం ఇసబ్‌గోల్, నీళ్ళు సరిగ్గా తాగని ముసలివాళ్ళకి అది లోపలే గట్టిపడి ఇబ్బంది పెడుతుంది, కాబట్టి మందు రాసిన రోజే మోషన్‌కి ఏం వాడాలో కూడా అడిగి రాయించుకోండి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్ళకి యూరిన్ ఆగిపోవచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి షుగర్ పడిపోవచ్చు. పెద్దవాళ్ళలో సోడియం తగ్గి అయోమయంగా మాట్లాడటం కూడా ఉంటుంది, దాన్ని వయసు మతిమరుపు అనుకుని వదిలేస్తాం.

ట్రమడాల్‌కి ప్రత్యేకంగా ఒక గుణం ఉంది, ఫిట్స్ తెప్పించగలదు. డోసు పెరిగే కొద్దీ రిస్క్ ఎక్కువ, ముందు నుంచీ ఫిట్స్ ఉన్నవాళ్ళకి, తలకి దెబ్బ తగిలినవాళ్ళకి ఇంకా ఎక్కువ. మామూలుగా రోజుకి 400 మిల్లీగ్రాములు దాటకూడదు, 75 ఏళ్ళు దాటినవాళ్ళకి 300, కిడ్నీ బాగోలేకపోతే డోసు తగ్గించి గ్యాప్ పెంచాలి. ఇది మూడ్‌ని నడిపే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద కూడా పనిచేస్తుంది కాబట్టి డిప్రెషన్‌కి, యాంగ్జైటీకి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి వాడేవాళ్ళు ఆ మాట డాక్టర్‌కి చెప్పి తీరాలి. మనవాళ్ళు మానసిక మందులు దాస్తారు, కోడలికి తెలుస్తుందనో వియ్యంకులకి తెలుస్తుందనో చెప్పరు, రెండూ కలిసి వణుకు, చెమటలు, జ్వరం, గుండె దడ వచ్చి హాస్పిటల్లో పడేదాకా బయటపడదు. నిద్రకోసం వేసుకునే ఆల్ప్రజోలం, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, సాయంత్రం పెగ్గు, వీటిలో ఏది కలిసినా మగత పెరిగి ఊపిరి నెమ్మదించిపోయే ప్రమాదం ఉంది. మనిషిని తట్టి లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదిగా, గురకలా, ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నీలంగా మారుతున్నా నిద్రపోతున్నారులే అని వదలకండి, వెంటనే 108.

12 ఏళ్ళలోపు పిల్లలకి ఇది వద్దని, పాలిచ్చే తల్లులు కూడా వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే గట్టిగా చెప్పింది. కొందరి ఒంట్లో లివర్ దీన్ని మామూలుకంటే చాలా వేగంగా అసలు పనిచేసే రూపంలోకి మార్చేస్తుంది, ఎవరికి అలా జరుగుతుందో చూసి చెప్పలేం. సిజేరియన్ అయ్యాక ఇంట్లో ఉన్న అత్తగారి నొప్పుల బిళ్ళ బాలింతకి ఇవ్వడం అస్సలు చేయకండి.

ఇప్పుడు అలవాటు సంగతి. ఇక్కడ మూడు వేరు వేరు విషయాలు ఉన్నాయి, అన్నిటినీ కలిపి వ్యసనం అనేస్తాం, అది అన్యాయం. ముందు ఒక బిళ్ళకి తగ్గే నొప్పి ఇప్పుడు రెండిటికి గానీ తగ్గకపోవడం, అది టాలరెన్స్. మందు ఆపితే ఒళ్ళు తిరగబడటం, అది డిపెండెన్స్, మా అమ్మకి వచ్చింది ఇదే. ఇది ఎవరికైనా వస్తుంది, చెప్పిన డోసు చెప్పినట్టే వేసుకున్నా కొన్ని వారాలు రోజూ వాడితే వస్తుంది, ఇందులో మనిషి తప్పేం లేదు. నొప్పి లేకపోయినా మనసు తేలిగ్గా ఉంటుందని వేసుకోవడం, దాచుకుని వేసుకోవడం, ఇద్దరు డాక్టర్ల దగ్గర రాయించుకోవడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం, అది అడిక్షన్, దానికీ ట్రీట్‌మెంట్ ఉంది. అమ్మని నువ్వు బిళ్ళలకి బానిసైపోయావ్ అని మా పెద్దమావయ్య అన్నప్పుడు ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దయచేసి ఆ మాట వాడకండి.

మీ ఇంట్లో ఎలా కనిపెట్టాలంటే, ఒక పాత నోటుబుక్కు తీసుకుని వారం రోజులు రాయండి. బిళ్ళ వేసుకున్న టైము, అప్పుడు నొప్పి పదికి ఎంత, గంట తర్వాత ఎంత, ఆ రోజు ఏం పని చేయగలిగారు. మేం రాస్తే తేలింది ఏంటంటే, అమ్మ మెట్లు ఎక్కినప్పుడు, ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు వచ్చే నొప్పి మూడో నాలుగో, కానీ బిళ్ళ టైము అరగంట దాటితే ఏ పనీ చేయకుండా కూర్చున్నా ఏడు, దాంతోపాటు ఆవలింతలు, చిరాకు. నొప్పి కదలికని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి వస్తోందంటే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం అదే. ఆ నోటుబుక్కు పట్టుకెళ్తే డాక్టర్ రెండు పేజీలు చూసి మొత్తం అర్థం చేసుకున్నారు, నేను నోటితో చెప్పిన అరగంట కంటే అదే ఎక్కువ పనికొచ్చింది.

అలవాటైందని తెలియగానే అందరూ చేసే పని స్ట్రిప్పు డస్ట్‌బిన్‌లో పారేయడం. వద్దు. ఒక్కసారిగా ఆపితే చివరి డోసు అయిన 12 నుంచి 24 గంటల్లో మొదలయ్యి రెండో మూడో రోజుకి పీక్‌కి వెళ్తుంది, మామూలు లక్షణాలే కాకుండా ట్రమడాల్ ఆపినప్పుడు కొందరికి విపరీతమైన భయం, చేతులు కాళ్ళు తిమ్మిర్లు, లేనివి కనిపించడం కూడా వస్తాయి. అది తట్టుకోలేక మళ్ళీ మొదలుపెడతారు, ఇక నావల్ల కాదన్న నమ్మకం కుదిరిపోతుంది. తగ్గించడం మెట్లు దిగినట్టు ఉండాలి. మా అమ్మకి డాక్టర్ వేసిన లెక్క రెండు వారాలకి అర బిళ్ళ తగ్గించడం, మొదట మధ్యాహ్నంది, తర్వాత పొద్దుటిది, రాత్రిది ఆఖరున. మూడు బిళ్ళల నుంచి సున్నాకి మూడు నెలలు పట్టింది. ఇది అమ్మ లెక్క, మీది మీ డాక్టర్ వేయాలి, ఏడాది పైన వాడినవాళ్ళకి నెలకి పది శాతం చొప్పున తగ్గించడం లాంటి ఇంకా నెమ్మది పద్ధతి కూడా ఉంటుంది. ఎస్ఆర్ అనో ఈఆర్ అనో రాసున్న బిళ్ళలు మాత్రం విరవకండి, నమలకండి, పొడి చేయకండి, రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి దిగిపోతుంది.

తగ్గించిన ప్రతిసారీ మూడు నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత కుదుటపడుతుంది. కుదుటపడకపోతే అదే మెట్టు మీద ఇంకో వారం ఆగాలి, పైకి మాత్రం ఎక్కకూడదు. ఆ రోజుల్లో అమ్మకి పనికొచ్చినవి సాయంత్రం గోరువెచ్చని నీళ్ళ స్నానం, మోకాలికి ఐస్, ఆపేసిన ఫిజియోథెరపీ మళ్ళీ మొదలుపెట్టడం, రాత్రి కాళ్ళు లాగుతుంటే మా చెల్లి పక్కన కూర్చుని పిక్కలు నొక్కడం. బిళ్ళల డబ్బా చెల్లి దగ్గరే ఉండేది, రోజు లెక్క మాత్రమే అమ్మ చేతికి ఇచ్చేది, అది కూడా అమ్మే అడిగి పెట్టుకున్న పద్ధతి. అడగకుండా లాక్కుంటే గొడవలే.

షాపు విషయం కూడా చెప్పాలి. ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనిది, 2014 మార్చి నుంచి ఆ రూల్ ఉంది, అమ్మినప్పుడు రాసిన డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చారో షాపువాళ్ళు విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు ఉంచాలి. 2018 ఏప్రిల్ నుంచి ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కిందకి కూడా వచ్చింది. అంటే స్ట్రిప్పు ఫొటోకి మందు ఇవ్వడం మాకు చేసిన ఉపకారం కాదు. ఆ చీటీ అడిగి ఉంటే మేం డాక్టర్ దగ్గరికి నెలలోపే వెళ్ళేవాళ్ళం, నాకు ఇప్పటికీ కోపం అక్కడే.

గల్ఫ్‌లో మనవాళ్ళు ఉన్నవాళ్ళు ఈ ముక్క తప్పకుండా చదవండి. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి వెళ్ళేవాళ్ళ చేత అక్కడున్నవాళ్ళకి నడుం నొప్పి బిళ్ళలు పంపడం మామూలైపోయింది. యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్‌లో ట్రమడాల్ కంట్రోల్ ఉన్న మందు, ఎయిర్‌పోర్ట్‌లో దొరికితే జైలు దాకా వెళ్తుంది. సొంతానికి కావాలన్నా వెళ్ళే ముందే ఆ దేశం ప్రభుత్వం దగ్గర పర్మిషన్ తీసుకోవాలి, డాక్టర్ లెటర్, ఒరిజినల్ చీటీ చేతిలో ఉండాలి. వేరేవాళ్ళ మందుల పార్సిల్ ఎంత దగ్గరివాళ్ళదైనా తీసుకెళ్ళకండి.

ఇంట్లో తగ్గించడం కుదరకపోతే, డోసు బాగా ఎక్కువైపోతే, ఫిట్స్ వచ్చి ఉంటే సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళండి, సిగ్గు పడాల్సింది ఏం లేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మెంటల్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. విత్‌డ్రాయల్ తట్టుకోవడానికి వాళ్ళ దగ్గర వేరే మందులు ఉంటాయి, అవసరమైతే బుప్రినార్ఫిన్ మీద పెట్టి నిలబెడతారు. ఫోన్‌లో ముందు మాట్లాడాలంటే డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోకపోతే టెలి మానస్ 14416, రెండూ ఫ్రీ.

ఇదంతా చదివి క్యాన్సర్ పేషెంట్ ఇంట్లో ఎవరైనా మార్ఫిన్ ఆపేస్తారేమోనని నా భయం. అక్కడ లెక్క వేరు. ఆ నొప్పికి అవి కావాలి, డాక్టర్ చూస్తూ ఇస్తారు, డిపెండెన్స్ వచ్చినా అది రెండో విషయం. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌లో దీనికోసమే పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించే విభాగం ఉంది. అలాంటి మనిషిని అలవాటవుతుందన్న భయంతో నొప్పిలో ఉంచకండి.

అమ్మ ఆఖరి అర బిళ్ళ మానేసరికి డబ్బాలో ఇంకా 14 మిగిలాయి. పక్కింటి పిన్నిగారు నడుం నొప్పికి అడిగారు, ఇవ్వలేదు. పనికిరాని ట్రమడాల్, టాపెంటడాల్ చెత్తలో వేయకుండా టాయిలెట్‌లో ఫ్లష్ చేయమని కేంద్ర మందుల నియంత్రణ సంస్థ 2025లో చెప్పింది, పిల్లలూ కుక్కలూ తీసుకోకుండా. స్ట్రిప్పులోంచి ఒక్కొక్కటి నొక్కి అమ్మే వేసింది, ఖాళీ స్ట్రిప్పు కత్తెరతో ముక్కలు చేశాం.