రెడ్ రాక్స్‌లో ఒకే రాత్రి ఫోక్, రాక్: వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

ఎండాకాలం రాగానే అమెరికాలో డెన్వర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో ఎవరో ఒకరు "రెడ్ రాక్స్‌కి వస్తారా?" అని గ్రూపులో అడుగుతారు. ఆ ఊరి దగ్గర కొండరాళ్ల మధ్య ఉన్న ఆరుబయటి కచేరీ వేదిక అది. ముందు ఒక ఫోక్ గాయకుడు గిటార్ పట్టుకుని సొంత పాటలు పాడతాడు. ఆ తర్వాత సైకడెలిక్ రాక్ (మత్తులో తేలుతున్నట్టు అనిపించే రాక్ సంగీతం) బ్యాండ్ ఎక్కి కొండలు అదిరేలా వాయిస్తుంది. వినడానికి మంచి జోడీయే, కానీ చిక్కు కూడా అందులోనే ఉంది. మొదటి గంట హాయిగా గడిచేసరికి రెండో భాగానికి కావాల్సినవన్నీ బ్యాగులోనే ఉండిపోతాయి.

ముందు చెవుల సంగతి. సీటు నంబర్లు లేని షో అయితే ఫోక్ గాయకుడి మాటలు బాగా వినబడాలని జనం ముందుకు వెళ్తారు. తర్వాత బ్యాండ్ వచ్చేసరికి సరిగ్గా స్పీకర్ల ముందు ఇరుక్కుంటారు. పని చేసే చోట 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదని అమెరికాలో నిపుణుల సలహా. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. రాక్ షోలో 100 దాటడం మామూలే. సైకడెలిక్ బ్యాండ్ల ఒక్క పాటే ఇరవై నిమిషాలు సాగినా ఆశ్చర్యం లేదు, లెక్క మీరే వేసుకోండి. మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండ్ అయితే తన షోలలో జనానికి తానే ఇయర్‌ప్లగ్స్ పంచిపెట్టేది.

దూది పెట్టుకుంటే చాలదు. సంగీతం కోసమే చేసే ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. అవి మాటను మింగేయకుండా శబ్దాన్ని తగ్గిస్తాయి. ఫోక్ పాటలప్పుడు తీసేసినా ఫర్వాలేదు కానీ, వాద్యాలు మార్చే విరామంలోనే మళ్లీ పెట్టేసుకోండి. గిటార్ మొదలయ్యాక చీకట్లో డబ్బీ వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు. చిన్నపిల్లలకు ప్లగ్స్ కన్నా చెవులను పూర్తిగా మూసే ఇయర్‌మఫ్స్ మేలు. మర్నాటికి కూడా చెవుల్లో హోరు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

లైట్లదీ అదే కథ. గాయకుడి మీద ఒక్క దీపం, బ్యాండ్ రాగానే టపటపా కొట్టే స్ట్రోబ్ లైట్లు. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగు కొందరికి మూర్ఛ తెప్పిస్తుంది. ఇంట్లో ఆ సమస్య ఉన్నవాళ్లుంటే టికెట్ కొనకముందే లైట్ల గురించి కనుక్కోండి. అక్కడ తేడాగా అనిపిస్తే కళ్లు మూసుకున్నంత మాత్రాన సరిపోదు. అరచేతితో ఒక కన్ను పూర్తిగా కప్పి, ముఖం పక్కకు తిప్పుకోవాలి.

వాతావరణాన్ని మాత్రం నమ్మకండి. పైకప్పు లేని చోటు అది. 2023 జూన్‌లో ఒక కచేరీ మీద వడగళ్లు పడి 80 మందికి పైగా గాయపడ్డారు. ఎండాకాలంలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉరుములు సాధారణం, ఫోక్ గాయకుడు పాడే సమయమూ ఇంచుమించు అదే. పాట బాగుంది కదా అని ఉండిపోకుండా, ఉరుము వినబడగానే కారులోకో భవనంలోకో వెళ్లిపోండి. గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం. టోపీ ఉన్న రెయిన్‌కోటు, రాత్రి చలికి ఒక జాకెట్ చాలు.

ఇక ఎత్తు. రెడ్ రాక్స్ సముద్రమట్టానికి 6,450 అడుగుల ఎత్తున ఉంది. హైదరాబాద్ రెండు వేల అడుగులు కూడా ఉండదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే దిగిన మర్నాడే తీసుకెళ్లకండి, మెట్లు ఎక్కేసరికి ఆయాసం వస్తుంది. నడవలేనివాళ్లకు మొదటి వరుసలోనూ, పై చివర 70వ వరుసలోనూ సీట్లుంటాయి. పెద్దవాళ్లకు 70వ వరుసే నయం, స్పీకర్లకు దూరం. మంచినీళ్లు తాగుతూ ఉండండి. బీరు ఇక్కడ త్వరగా ఎక్కినట్టు అనిపిస్తుంది.

ఇంకొకటి మనవాళ్లకు మొహమాటం లేకుండా చెప్పాలి. ఇలాంటి షోలో పక్కవాళ్లు నవ్వుతూ గమ్మీ (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి) ఇస్తారు. కొలరాడోలో పెద్దలకు గంజాయి చట్టబద్ధమే అయినా, నలుగురిలో వాడటం నేరం. కేంద్ర చట్టం ప్రకారం గంజాయి నేటికీ నిషిద్ధమే. వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా, "ఒక్కసారి తీసుకున్నాను" అని అధికారి ముందు ఒప్పుకోవడం కూడా చిక్కు తెచ్చిపెట్టగలదు. పైగా గమ్మీ ఎక్కడానికి గంటో రెండు గంటలో పడుతుంది. ఏమీ కాలేదని రెండోది వేసుకున్నవాళ్లకే టెన్షన్ మొదలవుతుంది, అది కూడా సరిగ్గా స్ట్రోబ్ లైట్ల మధ్యలో.

షో అయ్యాక వేలమంది ఒకేసారి చీకట్లో మెట్లు దిగుతారు. జనంలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు. అందుకని ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, కారు పెట్టిన చోటు ఫొటో తీసుకోండి. డ్రైవ్ చేసేవాళ్లు ఏమీ తాగకూడదు. పార్కింగ్ ఖాళీ అవ్వడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, కారులో పులిహోర డబ్బా ఒకటి ఉంచుకుంటే ఎవరూ ఎవరి మీదా విసుక్కోరు.