తోలు బెల్టు రంగు తెల్లంగికి అంటకుండా

వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గంటసేపు బండి నడిపితే చాలు, కొత్త బెల్టు రంగు నడుము దగ్గర అంగికి పట్టీలా దిగుతుంది. బ్యాగైతే భుజం మీద, చెప్పులైతే ధోవతి అంచుకు. బట్టకు అంటిన రంగు పూర్తిగా పోవడం కష్టం. పని చేయాల్సింది తోలు మీదే, అదీ తొడగకముందే.

అద్దకంలో తోలు నారలు కొంత రంగునే గట్టిగా పట్టుకుంటాయి. మిగిలింది పైపైన ఉండిపోతుంది, అంటేది ఆ మిగులే. తోలుది కొంచెం ఆమ్ల గుణం, తోలు రంగులు చాలావరకు ఆ గుణంలోనే నిలుస్తాయి. నిలవున్న చెమట క్షారంగా మారి ఆ పట్టును వదులు చేస్తుంది. పొడిగా రుద్దితే ఏమీ అంటని బెల్టు ఉక్కపోతలో రంగు దించేది అందుకే.

ముందు పరీక్ష. తెల్ల బనియన్ గుడ్డ వేలికి చుట్టి ఒకచోట 10 సార్లు రుద్దండి. ఇంకో గుడ్డ తడిపి, గట్టిగా పిండి, మరోచోట 10 సార్లు. పైముఖం ఒక్కటే చూసి ఊరుకోవద్దు, దానికి సాధారణంగా తయారీలోనే పూత పడి ఉంటుంది. రంగు ఎక్కువగా వదిలేవి కోసిన అంచులు, నడుముకు తగిలే లోపలి ముఖం, బొక్కలు. అగ్గిపుల్లకు దూది చుట్టి బొక్కలో తిప్పండి. పైన శుభ్రంగా కనిపించిన బెల్టే ఇక్కడ దూదిని ముదురు గోధుమరంగు చేస్తుంది.

రంగు వస్తే మిగులునంతా తీసేయాలి. పొడి నూలు గుడ్డతో గట్టిగా తుడుస్తూ, గుడ్డ మాసినప్పుడల్లా మడత మార్చండి. ఆ తర్వాత శాడిల్ సబ్బు (తోలు వస్తువులు శుభ్రం చేసే సబ్బు) నురగను తడి గుడ్డతో పల్చగా రాసి, వెంటనే వేరే తడి గుడ్డతో తుడవండి. బట్టల సబ్బు వాడొద్దు, దాని క్షారం చెమట చేసే పనే చేస్తుంది. ఒక్కసారికి కాదు, రెండు మూడు సార్లు పడుతుంది. తడి గుడ్డకు రంగు రావడం దాదాపు ఆగేదాకా వదలొద్దు. నీడలో, గాలి తగిలేచోట 24 గంటలు ఆరనివ్వండి. ఎండలో పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది.

ఆరాక పూత. నీళ్లతో కలిసే అక్రిలిక్ లెదర్ ఫినిష్ ఒక చెంచా, నీళ్లు ఒక చెంచా కలిపితే ఒక బెల్టుకు సరిపోతుంది. స్పాంజి ముక్కతో ఒకే దిశలో పల్చగా రాయండి. గంట ఆగి రెండో పూత. మందంగా ఒకేసారి పూస్తే వంగే చోట పొర తెల్లబడి పగులుతుంది. అంచులకు, బొక్కల లోపలికి సన్న కుంచె వాడండి. పూత పూర్తిగా ఆరడానికి ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు ఇచ్చి, అంచులకు తేనెమైనం రుద్ది నూలు గుడ్డతో మెరుగుపెట్టండి.

ఎక్కువమంది చేసే పొరపాటు మిగులు రంగు తీయకుండానే పూత వేయడం. వదులు రంగు పూతలో కలిసి, అదే పొరతో ఊడి బట్టకంటుతుంది. కొబ్బరినూనె రాస్తే తోలు మెత్తబడుతుందిగానీ రంగు ఆగదు, పైగా నూనెతోపాటు బట్టకెక్కుతుంది. ఉప్పునీళ్లలో నానబెట్టడం నూలు బట్టల చిట్కా. తోలు మీద ఉప్పు తెల్లగా పూసి గట్టిపరుస్తుంది. నూగు తోలుకు (స్వీడ్) ఈ పూత పనికిరాదు, నూగు అట్టకట్టుకుపోతుంది. దాన్ని మెత్తని బ్రష్‌తో దులిపి ముదురు బట్టల మీదికే వాడండి.

పూత రాపిడికి అరుగుతుంది. ఎండాకాలం మొదట్లో, వానలు పడ్డప్పుడు మళ్లీ తడిగుడ్డ పరీక్ష చేసి, రంగు వచ్చినచోట మాత్రమే తుడిచి పూయండి. గంజిపెట్టిన నూలంగి కొంత ఆదుకుంటుంది. రంగు గంజి పొర మీద ఆగి ఉతుకులో దాంతోపాటు చాలావరకు పోతుంది.

అయినా మరక పడిందా? వేడినీళ్లు, ఇస్త్రీ దగ్గరికి రానివ్వొద్దు, వేడికి మరక గట్టిపడుతుంది. తెల్ల నూలు బట్టైతే మరక కింద మడతపెట్టిన తెల్లగుడ్డ ఉంచి, వెనకవైపు నుంచి సర్జికల్ స్పిరిట్ దూదితో అద్దండి, రుద్దొద్దు. కింది గుడ్డకు రంగు దిగినప్పుడల్లా జరపండి. స్పిరిట్‌కు మంట అంటుకుంటుంది, పొయ్యికి దూరంగా కిటికీ తెరిచి చేయండి. పట్టు చీరకు, రంగు బట్టకు ఇది వద్దు, నేరుగా డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి అది తోలు రంగని చెప్పండి.